గాయపడిన మనసు – కాలినడక

విజయవాడనుండి విశాఖపట్టణమునకు పోవు పెద్దబాటమీద ఏలూరు దాటి సుమారు ఇరువదియైదు కిలోమీటర్లు వచ్చినచో భీమడోలు తగులును. ఊరికి రైలుస్టేషను ఉన్నది. గోదావరి నీటిని తెచ్చు ఏలూరు కాలువ ఆ ప్రక్కగానే పారుచున్నది. దక్షిణమునకు పోయినచో వరిచేలు, చేపలచెరువులు, వాని కావల కొల్లేరు. ఉత్తరమునకు పోవు బాట వేరు విధమైనది. అది క్రమముగా పల్లమును విడిచి మెట్టకెక్కును. వరిచేలు వెనుకబడి మామిడి, జీడిమామిడి, కొబ్బరి, పామాయిలు తోటలు ఎదురగును. అట్లు పదునైదు కిలోమీటర్లకు పైచిలుకు పోయినచో ద్వారకా తిరుమల. దానినే జనులు చిన్న తిరుపతి యందురు.

ఈ బాటను బస్సులు కలవు, ఆటోలు కలవు. ఎక్కి కూర్చున్నచో అరగంట ప్రయాణము. అయినను శనివారములందును, ధనుర్మాసమందును, ఇంకను చీకటి విడువకమున్నే ఈ బాటపై నడచి పోవువారు కనబడుదురు. ఏలూరునుండి నలువది కిలోమీటర్లు నడచివచ్చువారును కలరు. ఎందుకు నడచుచున్నారని అడిగినచో 'మొక్కండీ' యని ఒక్కమాటతో సరిపుచ్చుదురు. మనమును అంతటితో ఊరకుందుము. మొక్కు వెనుక నేమున్నదో తరచి అడుగుట మర్యాద గాదు. కాని నేడు ఆ మొక్కు వెనుక దాగియుండు ఒకానొక బాధను గూర్చియు, దానికి కాలినడక చేయు ఉపకారమును గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచినాము.

మొక్కులలో సంతోషపు మొక్కులు పెక్కు కలవు. బిడ్డ పుట్టినదనియో, ఉద్యోగము వచ్చినదనియో, పెండ్లి కుదిరినదనియో మొక్కు తీర్చుకొందురు. అన్ని మొక్కులును అట్టివి కావు. కాలువలో బిడ్డను పోగొట్టుకొన్న తల్లి, రోడ్డు ప్రమాదమున తాను బ్రదికి తోడివానిని పోగొట్టుకొన్న యువకుడు, 1977 నవంబరు 19నాటి ఉప్పెనలో దివిసీమయందు ఇంటిల్లిపాదిని పోగొట్టుకొని ఒంటిగా మిగిలినవారు – ఇట్టివారికి తగిలిన దెబ్బ పైకి కనబడదు. దీనిని మనోగాయమనవచ్చును. ఈ గాయము తగిలినవాడు నిద్రలో ఉలికిపడి లేచును. జరిగినది జరిగిపోయినదని బుద్ధికి తెలియును గాని శరీరమునకు తెలియదు. ఒక చప్పుడు, ఒక వాసన సోకినంతనే ఆ గడియ మరల కన్నులకు కట్టును. గుండె కొట్టుకొనును, ఊపిరి అందదు. చెప్పుమన్న చెప్పలేడు, మరచిపొమ్మన్న మరువలేడు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘమువారు దీనినొక ప్రత్యేక వ్యాధిగా తమ పట్టికలో చేర్చిరి. పేరు క్రొత్తది గాని బాధ ప్రాతదే.

ఈ బాధకు నడకతో ఉపశమనము వెదకుటయు ప్రాతదే. భారతమున ఆరణ్యపర్వము చదివినవారికి జ్ఞప్తికి రావచ్చును. రాజ్యము పోయి, సభలో అవమానము పొంది, అడవులు పట్టిన పాండవులు, అర్జునుడు దివ్యాస్త్రములకై వెడలిన పిమ్మట, అతని యెడబాటును ఓర్వలేక కుందిరి. ఉన్నచోట ఉండలేకపోయిరి. అప్పుడు రోమశమహర్షి వెంట తీర్థయాత్రకు బయలుదేరిరి. ఒక్కొక్క తీర్థముకడ ఒక్కొక్క కథ వినుచు, స్నానము చేయుచు, నడచుచు పోయిరి. వారి కష్టములు తీరలేదు. కాని ఆ కష్టములను మోయు శక్తి కుదురుకొన్నది.

మేమొక శనివారము మరి కొందరితో గూడి భీమడోలునుండి నడచితిమి. తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరితిమి. మొదటి గంట అందరును మాటాడుకొనుచు వచ్చిరి. ధాన్యపు ధర, చేపలచెరువుల కౌలు, పిల్లల చదువులు. రెండవ గంటకు మాటలు తగ్గినవి. అడుగుల చప్పుడు మాత్రము వినబడుచున్నది. తూర్పు తెల్లవారుచున్నది. అప్పుడు మాలో నలువది యేండ్ల వ్యక్తి యొకరు, అంతవరకు పెదవి విప్పనివాడు, ఎవరి వంకయు చూడక, బాట వంకనే చూచుచు, 'మా తమ్ముణ్ణి ఆఖరిచూపు కూడా చూడనివ్వలేదండి' అనెను. 2021 వేసవిలో కరోనా రెండవసారి విజృంభించినపుడు తమ్ముడు పోయెనట. శవమును ఇంటికి తేలేదు. ఎవరును ఇంటికి రాలేదు. దినము జరిగినట్లు జరిగినది. ఇన్నేండ్లలో ఆ మాట ఇంటిలో ఎత్తలేదనియు, తల్లి వినునేమోయని భయమనియు, రాత్రివేళ ఫోను మ్రోగినచో నేటికిని చేతులు వణకుననియు చెప్పెను. కిలోమీటరు దూరము చెప్పుచునే నడచెను. మేమెవరమును ఆగలేదు. ఓదార్పు మాటలు చెప్పలేదు. మాలో పెద్దవాడొకడు తన నీళ్లసీసా అందించి, 'నడు నాయనా, ఎండెక్కక ముందే కొండ చేరదాం' అనెను. అంతే.

ఆ మాట ఇంటిలో కూర్చుండి చెప్పవలసివచ్చినచో ఆయన చెప్పియుండడు. ఎదురెదురుగా కూర్చుండినపుడు చెప్పువాని ముఖమును వినువాడు చూచుచుండును. ఆ చూపులోని జాలి యొక బరువు. ప్రక్కప్రక్కగా నడచునపుడు ఆ బరువు లేదు. ఇద్దరి చూపును ముందున్న బాటమీదనే. చెప్పుట ఇష్టము లేనిచోట ఆగిపోవచ్చును, అడుగులు ఆగవు గనుక ఆ మౌనము ఎబ్బెట్టుగా నుండదు. మరల చెప్పవలెననిపించినచో పది అడుగుల పిమ్మట అందుకొనవచ్చును.

శరీరమునకు సంబంధించిన కారణములును కలవు. ఆపద ముంచుకొని వచ్చినపుడు శరీరము పరుగెత్తుటకో పోరాడుటకో సిద్ధపడును. మనోగాయము గలవానికి ఆపద దాటి యేండ్లు గడచినను ఆ సిద్ధపాటు సడలదు. చాలసేపు సమముగా నడచినపుడు ఊపిరి ఒక లయకు వచ్చును. కండరములు అలసి సడలును. ఆ రాత్రి నిద్ర పట్టును. నిద్ర పట్టుట చిన్న సంగతి గాదు. ఈ బాధలో మొట్టమొదట పోవునది నిద్రయే. దిగులు వ్యాధికి నడకవంటి వ్యాయామము మేలుచేయునని వైద్యులు నేడు సాధారణముగా అంగీకరించుచున్నారు. 2015లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు ఒక పరిశీలనను ప్రకటించిరి. ఆరోగ్యవంతులలో కొందరిని చెట్లమధ్యను, కొందరిని రద్దీగల రోడ్డువెంటను తొంబది నిమిషములు నడిపించిరి. చెట్లమధ్య నడచినవారికి ఒకే దిగులును పదేపదే నెమరువేయు అలవాటు కొంత తగ్గినది. రోడ్డువెంట నడచినవారికి తగ్గలేదు. వారు రోగులు కారు గనుక దీనినుండి ఎక్కువ ఊహింపరాదు. అయినను తోటలమధ్య నడచి మనసు తేలికపడినదని మన పల్లెవారు చెప్పుమాట వట్టి భ్రమ కాదని తెలిసికొనవచ్చును.

దూరదేశమున జరిగిన ఒక ఉదాహరణము గలదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమునకు చెందిన ఎర్ల్ షాఫర్ అను యువకుడు రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ ద్వీపములలో సైనికుడుగా పనిచేసెను. ఆ దేశపు తూర్పు కొండలలో దక్షిణమున జార్జియానుండి ఉత్తరమున మేయిన్‌వరకు అపలేచియన్ బాటయని మూడువేల కిలోమీటర్లకు మించిన కాలిబాట యొకటి కలదు. దానిని కలసి నడువవలెనని అతడును బాల్యమిత్రుడొకడును అనుకొనియుండిరి. ఆ మిత్రుడు ఇవోజిమా యుద్ధమున మరణించెను. తిరిగివచ్చిన షాఫరునకు మనసు నిలువలేదు. 1948 ఏప్రిల్ 4న ఒంటరిగా బయలుదేరి, 124 దినములు నడచి, ఆగస్టు 5న చివరి శిఖరము చేరెను. ఒకే విడతలో ఆ బాట నంతటిని నడచినట్లు తెలిపిన మొదటివాడతడే. సైన్యపు జీవితమును తనలోనుండి నడచి పోగొట్టుకొనుటకే బయలుదేరితినని అతడు చెప్పుకొనెను. ఒక్క నడకతో సరిపోలేదు కాబోలు, 1965లో ఎదురు దిక్కునుండి మరల నడచెను. 1998లో ఎనుబదియవ యేట అడుగిడబోవుచు మూడవసారి నడచెను. 2012లో ఆఫ్గనిస్తాను యుద్ధమునుండి మరలివచ్చిన షాన్ గోబిన్ అను సైనికుడును ఆ బాటనే నడచి, తనకు కలిగిన మేలు తోడివారికిని కలుగవలెనని ఒక సంస్థ స్థాపించెను. ఆ సంస్థ తరఫున నడచు మాజీ సైనికులకు దారిలోని ఊళ్లవారు భోజనము పెట్టి, పడక చూపి, వారి మాట విందురు. కొండలు, చెట్లు చేయు మేలు ఎంతయో, ఆ ఆతిథ్యము చేయు మేలును అంత యున్నదని వారి అనుభవము.

ఇంతవరకు చెప్పినది వినినవారు, నడచిన చాలును, గాయము మానుననుకొనగలరు. అట్లు గాదు. భీమడోలు మీదుగా పోవు ఆ పెద్దబాటయే అందుకు సాక్ష్యము.

2020 మార్చి 25నుండి దేశమంతటను రాకపోకలు నిలిపివేయబడినవి. పనులు నిలిచినవి, రైళ్లు నిలిచినవి. తమిళనాడునను, మన రాష్ట్రమునను కూలికై వచ్చిన ఒరిస్సా, బీహారు, జార్ఖండు రాష్ట్రములవారు వందల కిలోమీటర్ల దూరమున నున్న ఇండ్లకు ఈ బాటవెంటనే కాలినడకను బయలుదేరిరి. నెత్తిన మూట, చంకన బిడ్డ, అరిగిన చెప్పులు. వైశాఖపు ఎండ. దారిలో కొందరు అన్నము పెట్టిరి, కొందరు మజ్జిగ పోసిరి, చెప్పులు కొనియిచ్చినవారును కలరు. కొన్నిచోట్ల ఊరిలోనికి రానీయక కంప అడ్డము వేసినవారును కలరు. దేశమున అనేకులు దారిలోనే ప్రాణములు విడిచిరి. ఆ నడక ఎవరి గాయమును మాన్పలేదు. ఆ నడకయే గాయమైనది.

అవే కాళ్లు, అదే నేల, ఒక్కొక్కప్పుడు అంతే దూరము. ఒక నడక మందుగను, ఒక నడక దెబ్బగను ఏల మారినది? ఆలోచించినచో మాకు నాలుగు భేదములు తోచినవి. మొదటిది ఇష్టము: మొక్కువాడు బస్సును కాదని నడచును, కూలివాడు బస్సు లేక నడచెను. రెండవది గమ్యము: కొండ ఎంత దూరమో మొక్కువానికి తెలియును, ఇల్లు చేరుదుమో లేదో కూలివానికి తెలియదు. మూడవది తోడు: దారిలో మనలను మనిషిగా చూచువారు, నీళ్లిచ్చువారు, కూర్చుండుమనువారు ఉన్నచో అడుగు తేలిక, తరిమివేయువారు ఉన్నచో అడుగడుగును బరువు. నాలుగవది తిరిగివచ్చుట: మొక్కువాడు సాయంకాలమునకు తన గడపకు వచ్చును, ఆ గడపలో ఎదురుచూచువారుందురు. మనోగాయము మనిషినుండి హరించునవి సరిగా ఈ నాలుగే. తన ఇష్టముతో పనిలేక దెబ్బ తగిలినది, ముందేమగునో తెలియదు, తన బాధ ఎవరికిని పట్టదనిపించును, ఇల్లు ఇల్లువలె నుండదు. మంచి నడక ఈ నాలుగింటిని కొంచెము కొంచెముగా తిరిగి యిచ్చును. మేలుచేయునది దూరము గాదు, అలసటయు గాదు, ఇదియే.

ఒక మనిషికే గాక ఒక ప్రాంతమునకు మనోగాయము తగిలినపుడును ఇదే తీరు. 1946లో తూర్పు బెంగాలున నౌఖాలీ ప్రాంతమున ఘోరమైన మతకల్లోలములు జరిగినవి. అది నేడు బంగ్లాదేశమున నున్నది. మన కొల్లేటి లంకలవలెనే నీటిమయమైన నేల. ఒకే బొంగు వేసిన వంతెనలమీద కాలువలు దాటవలెను. గాంధిమహాత్ముడు తన డెబ్బదియేడవ యేట ఆ వంతెనలమీద నడచుట అభ్యసించి, 1947 జనవరి 2న బయలుదేరి, చెప్పులు లేని కాళ్లతో రెండు నెలలు గ్రామగ్రామమును తిరిగెను. నడచినది 116 మైళ్లు, చూచినది 47 గ్రామములని లెక్క. మోటారులో పోయినచో రెండు దినముల పని. కాని భయపడి తలుపులు మూసికొన్నవారి యింటికి మోటారులో పోయిన వాడు అధికారివలె నుండును. నడచిపోయినవాడు అతిథివలె నుండును. ఆయన నడకతో నౌఖాలీ భయమంతయు తీరలేదు. ఎందరో ఊళ్లు విడిచిపోయిరి. అయినను బాధ చెప్పుకొనుటకు ఒక మనిషి తమ గుమ్మమునకు నడచివచ్చెనని అక్కడివారు ఎరుగుదురు.

మన తెలంగాణమున అట్టిదే మరియొకటి జరిగినది. 1946నుండి 1951వరకు సాయుధపోరాటము నడచిన ఆ పల్లెలలో పగలు పోలీసుల భయము, రాత్రి దళముల భయము. హైదరాబాదు చెంత శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనమునకు ఆచార్య వినోబా భావే వార్ధా ప్రాంతమునుండి నడచియే వచ్చెను. అక్కడినుండి ఆ భయపడిన పల్లెలలోనికి నడచెను. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు తమకు భూమి కావలెననగా వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరములు ఇచ్చిరి. భూదానోద్యమము అట్లు పుట్టినది. తరువాతి కాలమున దానమిచ్చిన భూములలో సాగుకు పనికిరానివియు, పేదలకు చేరనివియు పెక్కు ఉండెనను విమర్శ సత్యమే. కాని మొదటి దినము ఆయన చేసినది భూమి అడుగుట గాదు. మీకేమి కావలెనని అడిగి, చెప్పినది వినుట.

ఇక కొన్ని జాగ్రత్తలు చెప్పవలసియున్నది. నడక మందులకు బదులు గాదు. నిద్ర పట్టక, భయము విడువక, బ్రదుకుట వ్యర్థమను తలంపు వచ్చుచున్నవానిని నడువుమని చెప్పి ఊరకుండుట దోషము. మనోగాయమునకు నేడు మంచి చికిత్సలు కలవు. వైద్యుని యొద్ద కూర్చుండి క్రమముగా మాటాడుటయే అందు ముఖ్యమైనది. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేసినచో ఏ వేళనైనను, ఖర్చు లేకుండ, తెలుగులోనే మాటాడవచ్చును. నడక ఈ చికిత్సకు తోడు కావలెను గాని అడ్డు కారాదు. క్రొత్తగా దెబ్బ తగిలినవానిని ఒంటరిగా దూరపు నడకకు పంపరాదు. మాటాడించువారు అక్కరలేదు, ప్రక్కన నడచువాడొక్కడు చాలును. మొదటినాడే పదునైదు కిలోమీటర్లు అక్కరలేదు. కాలువగట్టున అరగంటతో మొదలుపెట్టవచ్చును. మధుమేహము గలవారు చెప్పులు లేక నడచుట ప్రమాదము. అరికాలి పుండు తెలియకయే ముదురును. చీకటిలో పెద్దబాటపై నడచువారు కుడిప్రక్కన, ఎదురుగా వచ్చు బండ్లు కనబడునట్లు, తెల్లని బట్టలతో నడువవలెను. ఒక గాయము మాన్చుకొనబోయి ఇంకొక ఇంటికి గాయము తేరాదు.

బాట ప్రక్కన నుండువారికిని ఇందులో పని కలదు. అరుగుమీద ఒక కుండ నీళ్లు, చెట్టుక్రింద ఒక బల్ల – ఇవి పూర్వము మన ఊళ్లలో చలివేంద్రములని, సత్రములని ఉండెడివి. వానిని పుణ్యమునకై పెట్టిరని మనమందుము. ఆ నీళ్లు త్రాగినవారిలో ఎందరు ఏ దుఃఖముతో నడచిరో పెట్టినవారికి తెలియదు. తెలియనక్కరలేదు.

ద్వారకా తిరుమల స్వామిని గూర్చి రెండు విశేషములు చెప్పుదురు. ద్వారకుడను మహర్షి తపస్సునకు పుట్టలో వెలసిన స్వయంభూమూర్తికి పై భాగము మాత్రమే కనబడును. పాదములు పుట్టలోనే ఉన్నవి. భక్తుల పాదసేవకై వెనుక మరియొక నిండువిగ్రహమును ప్రతిష్ఠించిరి. రెండవ విశేషము, స్వామి దక్షిణముఖముగా నుండుట. అనగా భీమడోలునుండి ఉత్తరమునకు నడచుచు వచ్చువానికి ఆయన ఎదురుగా చూచుచున్నాడు. అది యాదృచ్ఛికమే కావచ్చును. కాని నడచివచ్చువానికి ఎవరో తనకై ఎదురుచూచుచున్నారను తలంపు ఎంత బలమిచ్చునో ఆ బాటను నడచినవారికి తెలియును.

ఆనాడు మేము దర్శనము చేసికొని తిరుగు ప్రయాణమునకు బస్సెక్కితిమి. తమ్ముని పోగొట్టుకొన్న ఆయన కిటికీకడ కూర్చుండి భీమడోలువరకు నిద్రపోయెను. దిగునపుడు, వచ్చు యేడు తల్లిని గూడ తీసికొని వచ్చెదననియు, ఆమె నడువలేదు గనుక ఆమె ఆటోలో, తాను కాలినడకను వత్తుమనియు చెప్పెను. అనగా ఇంటికి పోయి తల్లితో తమ్ముని మాట ఎత్తదలచినాడని మేము గ్రహించితిమి. 'కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానము' అని పూర్వులనెడివారు. కాలినడకను కాశికి పోయి తిరిగివచ్చువారు అరుదైన కాలపు మాట అది. తిరిగివచ్చినవానిని ఊరంతయు ఎదురేగి తోడ్కొని వచ్చెడిదట. ఎవరి ఇంటిలోనైనను దెబ్బతిన్నవారు 'కొంతదూరము నడచివత్తు'నన్నచో ఎందుకని అడుగవలదు. వీలైనచో తోడుగా పొండు. వీలుకానిచో వచ్చువేళకు తలుపు తీసియుంచుడు.